కిలో ఆరు వేల పుంటికూర

మన ఐటీ వాళ్ళ డెస్కుల మీద ఈమధ్య ఎర్ర నీళ్ళ కప్పులు ఎక్కువయ్యాయి. ఒకప్పుడు కాఫీయా, టీయా అని అడిగితే సరిపోయేది. తర్వాత గ్రీన్ టీ వచ్చింది, గడ్డి వాసనొస్తోందని గొణుక్కుంటూనే తాగాం. ఇప్పుడు పళ్ళూ పూలూ కలిపిన హెర్బల్ టీల కాలం. డబ్బా మీద స్ట్రాబెర్రీ బొమ్మ, పక్కన గులాబీ రేకులు, ఓ మూలన గుండె గుర్తు. తాగేవాళ్ళని "ఎలా ఉందండీ?" అని అడిగి చూడండి. ఒక్క క్షణం ఆగి "హెల్తీ కదా!" అంటారు. మనం అడిగింది రుచి గురించి, వాళ్ళు చెప్పింది ఆరోగ్యం గురించి :)

నాకు ఈ ఎర్ర నీళ్ళ మీద కోపమేమీ లేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, బాగానే ఉంటాయి కూడా. కానీ కప్పులో ఏముందో పేరు పెట్టి పిలవలేకపోతే, అది బాగుందో లేదో, దాని ధర సబబో కాదో, అది గుండెకి మంచిదన్న మాటలో నిజమెంతో, ఏదీ తేల్చుకోలేం. పేరొక్కటి తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే తేలిపోతాయి. ఇదంతా అందుకే రాస్తున్నాను.

ముందు రుచి సంగతి. డబ్బా మూత తియ్యగానే కమ్మని వాసన. స్ట్రాబెర్రీ, నారింజ, గులాబీ, వెనకాల కొంచెం నిమ్మగడ్డి. ముక్కు మీకు పాయసం వస్తోందని కబురు పంపుతుంది. తీరా గుక్క వేస్తే పులుపు! తీపి చుక్క కూడా లేదు. దీంట్లో మోసమేమీ లేదు. వాసనకి కారణమయ్యే పదార్థాలు గాల్లో తేలిపోయే రకం, అవి పిసరంత ఉన్నా ముక్కు పట్టేస్తుంది. తీపి నాలుకకి తెలియాలంటే చక్కెర ఉండాలి, అదీ కాస్త గట్టిగానే ఉండాలి. కప్పుకి వేసేది 2 గ్రాముల పొడి. అందులో ఎండు ఆపిల్ ముక్కలు ఎన్నుంటాయి, వాటిలో చక్కెర ఎంతుంటుంది? అందుకే ముక్కుకి పండు, నాలుకకి పులుపు. మొదటిసారి తాగినవాళ్ళు మొహం అదోలా పెట్టడానికి కారణం ఈ రెండింటికీ పొత్తు కుదరకపోవడమే.

మరి ఆ పులుపు ఎక్కడిది? డబ్బా తిప్పి వెనక చదవండి. కొత్త ప్రాజెక్టులో చేరగానే డిపెండెన్సీల ఫైలు తెరిచి చూస్తాం కదా, అలాగన్నమాట. మన దేశంలో లేబుల్ నియమాల ప్రకారం పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలి. నా దగ్గరున్న డబ్బా వెనక వరస ఇది: హైబిస్కస్, ఆపిల్ ముక్కలు, రోజ్ హిప్, నారింజ తొక్క, నిమ్మగడ్డి, కామోమైల్, గులాబీ రేకులు, ఆ తర్వాత 'నేచురల్ ఫ్లేవర్'. బొమ్మలో అంత పెద్దగా వేసిన స్ట్రాబెర్రీ జాబితాలో లేనే లేదు. అది ఆ చివరి మాటలో, వాసనగా మాత్రమే ఉంది. బొమ్మలో రెండో స్థానంలో ఉన్న గులాబీ బరువులో ఏడో స్థానంలో ఉంది. ఎక్కడా బొమ్మ లేని హైబిస్కస్ మాత్రం అన్నిటికంటే ముందుంది. ఇది ఈ ఒక్క డబ్బా కథ కాదు. సూపర్ మార్కెట్లో ఎర్రగా వచ్చే 'ఫ్రూట్ టీ' ఏది తీసుకున్నా చాలా మటుకు ఇదే వరస కనిపిస్తుంది. రంగూ పులుపూ రెండూ చవగ్గా ఇచ్చే సరుకు ఇంకోటి లేదు మరి.

ఇంతకీ హైబిస్కస్ అంటే? మనకి వెంటనే మందారం గుర్తొస్తుంది. మందారం హైబిస్కస్ జాతిదే, కానీ దాని పేరు హైబిస్కస్ రోజా-సైనెన్సిస్. ఈ డబ్బాల్లో వచ్చేది హైబిస్కస్ సబ్దరిఫా. దాన్ని ఆంధ్రా వైపు గోంగూర అంటారు. మా వైపు పుంటికూర.

అవును, పుంటికూరే. గోంగూర పచ్చడి, గోంగూర మాంసం, పుంటికూర పప్పు అంటామే, ఆ మొక్కే. ఆకు కోసే దశ దాటిపోయి మొక్క ముదిరాక, పొద్దు తగ్గే రోజుల్లో, అంటే చలికాలం మొదట్లో పూత పడుతుంది. లేత పసుపు రంగు పువ్వు, మధ్యలో ముదురు ఎరుపు. పొద్దున పూసి ఆ రోజే వాడిపోతుంది. పువ్వు రాలాక దాని అడుగునున్న తొడిమ గిన్నె కాయ చుట్టూ కండపట్టి, ఎర్రగా, పుల్లగా తయారవుతుంది. ఎండబెట్టి టీలో వేసేది దాన్నే. కాబట్టి అది నిజానికి పువ్వూ కాదు, పండూ కాదు. పళ్ళ టీ, పూల టీ అని పేరు పెట్టుకున్న దాంట్లో పెద్ద వాటా ఈ రెండూ కానిదానిదే!

మాది వరంగల్ పక్కన ఎనుమాముల. చెప్పానంటే అవతలివాళ్ళు "మిర్చి మార్కెట్టు!" అంటారు. అవును, అదే. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని మా వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. మిర్చి, పత్తి, పసుపు, మక్కలు, పల్లికాయ, ఒక్కో కాలంలో ఒక్కో వాసన. మిర్చి సీజన్లో యార్డు దారిన బండి మీద పోతుంటే తుమ్ములాగవు. మా బాపు అక్కడే ఒక అడ్తి దుకాణంలో ముప్పై ఏళ్ళకి పైగా గుమస్తాగా చేశాడు. తేజ మిర్చి, చపాటా మిర్చి చూడకుండానే చెప్తాడు, చేత్తో విరిచి, వాసన చూసి. తేమ ఎంతుందో మెషిను కంటే ముందు ఆయన బొటనవేలు చెప్తుందని దుకాణంలో వాళ్ళే అనేవాళ్ళు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఈ హెర్బల్ టీ డబ్బా ఒకటి పట్టుకెళ్ళాను. రేకు డబ్బా, 50 గ్రాములు, 300 రూపాయలు. అమ్మ అలవాటు ప్రకారం గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, ఇది రెండు చెంచాలు వేసి, పాలు పోసింది. పాలు టప్పున విరిగిపోయాయి. "గిదేం చాయ్‌పత్తిరా, పాలన్నీ ఖరాబ్ చేసింది" అని తిట్టిపోసింది. విరగక ఏమవుతాయి? పాల పీహెచ్ 6.7 దగ్గరుంటుంది, 4.6కి పడిపోతే అందులోని కేసీన్ ముద్ద కట్టేస్తుంది. ఈ ఎర్ర నీళ్ళ పీహెచ్ 3కి అటూ ఇటూ. నిమ్మకాయ పిండినట్టే. పన్నీరు చెయ్యడానికి వాడుకోవచ్చు కావాలంటే :)

రెండోసారి పాలు లేకుండా చేశాం. బాపు ఒక గుక్క తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. ఏమీ అనలేదు. డబ్బా తీసుకుని, పాత పేపరు పరిచి, అందులో ఉన్నదంతా దాని మీద పోశాడు. అడ్తి దుకాణంలో మచ్చు చూసినట్టే చూపుడువేలుతో నెమ్మదిగా వేరు చేయడం మొదలుపెట్టాడు. ఆపిల్ ముక్కలు ఒక కుప్ప. నారింజ తొక్క ఒక కుప్ప. గులాబీ రేకులు ఓ చిటికెడు. చిన్న చామంతి మొగ్గల్లాంటివి కొన్ని. అవి కామోమైల్, మన చామంతికి దూరపు చుట్టమేగానీ చామంతి కాదు. గడ్డి ముక్కలు. మిగిలిన ముదురు ఎరుపు తునకలు పెద్ద కుప్ప, మొత్తంలో సగానికి తక్కువుండదు. ఒకటి నోట్లో వేసుకుని నమిలాడు.

"గిది పుంటికాయ తొక్క గాదురా?"

"అవును బాపూ."

"ఎంతకు తెచ్చినవ్?"

"యాభై గ్రాములు మూడొందలు."

లెక్క కట్టడానికి ఆయనకి రెండు సెకన్లు కూడా పట్టలేదు. "కిలకు ఆరు వేలు. క్వింటాలుకు ఆరు లక్షలు." క్వింటాలు మిర్చి 20 వేలు పలికితే రైతులు సంబరపడే యార్డులో బతుకంతా గడిపిన మనిషికి ఆ అంకె ఎలా వినిపిస్తుందో ఊహించుకోండి. కాసేపయ్యాక నవ్వి, "పాలు లేవు, పత్తి లేదు, చక్కెర లేదు. ఇంకేం చాయ్‌రా ఇది" అన్నాడు.

ఈ మాట మీద బాపుకి ప్రభుత్వం మద్దతు కూడా ఉందండోయ్. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 డిసెంబరులో ఒక స్పష్టత ఇచ్చింది. కెమెల్లియా సైనెన్సిస్ అనే తేయాకు మొక్క నుంచి వచ్చినదాన్నే 'టీ' అనాలి, మిగతా ఆకులూ పూలూ మరగబెట్టిన వాటిని 'హెర్బల్ టీ', 'ఫ్లవర్ టీ' అని అమ్మడం తప్పుదోవ పట్టించడమే అని. ఇంగ్లీషు వాళ్ళకి ఇలాంటివాటికి టిసేన్ అని వేరే మాట ఉంది. మనకి కషాయం అని ఉంది, కానీ కషాయం అంటే 300 రూపాయలు ఎవరిస్తారు? :)

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇలాంటివి రాయగానే "చూశారా, మన పూర్వీకులకి అన్నీ తెలుసు, తెల్లవాడు మనది మనకే అమ్ముతున్నాడు" అనే పాట ఎత్తుకుంటారు. నేను ఆ పాట పాడను, ఎందుకంటే అది నిజం కాదు. ఈ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా అంటారు. మనవాళ్ళు ఆకుని నెత్తిన పెట్టుకున్నారు. కాయ తొక్కతో అక్కడక్కడా పచ్చడి చేస్తారు, అంతే. దాన్ని తాగడం నేర్చినవాళ్ళు వేరే ఉన్నారు. సుడాన్, ఈజిప్టుల్లో దీన్ని కర్కదే అంటారు. అక్కడ వేడిగానూ తాగుతారు, చల్లగానూ తాగుతారు. పెళ్ళిళ్ళలో పోస్తారు. సెనెగల్‌లో బిస్సాప్, నైజీరియాలో జోబో. కరీబియన్ దీవుల్లో సోరెల్ పేరుతో క్రిస్మస్‌కి అల్లం వేసి చేసుకుంటారు. మెక్సికోలో హమైకా. అమెరికాలో ఉన్న మనవాళ్ళు మెక్సికన్ కిరాణా కొట్లో పెద్ద పెద్ద సంచుల్లో 'ఫ్లోర్ దె హమైకా' అని ఎర్రటి ఎండు పూలు చూసే ఉంటారు. అవి ఇవే. గోంగూర దొరక్క ఇబ్బంది పడుతున్నవాళ్ళు ఒకసారి నానబెట్టి పచ్చడి చేసి చూడండి, పులుపు అచ్చం దొరుకుతుంది.

ఆ మాటకొస్తే ఎనుమాముల యార్డులో రాజ్యమేలే మిర్చి మనదా? అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చింది. మక్కలూ, పల్లికాయా కూడా ఆ ఖండాల నుంచి వచ్చినవే. అయినా చపాటా మిర్చిని మాది కాదంటే మా వాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. ఎక్కడినుంచో వచ్చినదాన్ని తరాలుగా విత్తనం ఏరి, ఎర్రటి రంగూ తక్కువ కారమూ ఉన్న రకంగా నిలబెట్టింది ఇక్కడి రైతులే. దానికే 2025లో 'వరంగల్ చపాటా' అని భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఒక సరుకు మనదవడం అనేది పుట్టుకతో వచ్చేది కాదు. దాన్ని పట్టించుకుని, పేరు పెట్టి, పేరుకి తగ్గట్టు నిలబెడితే వచ్చేది.

పుంటికూరకి ఆ భాగ్యం పట్టలేదు. యార్డులో పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన బస్తాకి వ్యాపారులు పాడే అత్యధిక ధర అది, మిగతా ధరలన్నీ దాన్ని చూసుకుని కిందికి దిగుతాయి. పుంటికాయకి జెండా పాట లేదు, ఎందుకంటే అది అసలు యార్డుకే రాదు. చేను గట్టు మీద రెండు సాళ్ళు వేస్తారు, ఇంటికి కూరకి. ముదిరాక వదిలేస్తారు. తమాషా ఏమిటంటే, శ్రీకాకుళం, విజయనగరం వైపు దీన్నే నార కోసం వేసేవారు, గోగునార అంటారు. ఆమదాలవలసలో దాని మీద పరిశోధనా స్థానమే ఉంది. గోనెసంచుల్లో జనపనారతో పాటు గోగునార కూడా కలుస్తుంది. అంటే మిర్చి నింపిన బస్తాగా పుంటికూర చుట్టం యార్డుకి వస్తూనే ఉంది, సరుకుగానే రావడం లేదు.

ఇక అసలు ఇబ్బంది. ఆ సాయంత్రం మా చిన్నాయిన వచ్చాడు. ఆయనకి రెండెకరాల మిర్చి. గట్టు మీద పుంటి మొక్కలు ఎర్రటి కాయలతో నిండుగా ఉన్నాయి. పేపరు మీద కుప్పలు చూసి, ధర విని, నన్ను పక్కకి పిలిచాడు. "కొడుకా, ఎకరం మిర్చి దీసి ఇది వెడితె కొంటరా?"

ఆఫీసులో ఎస్టిమేట్ అడిగితే రెండు వారాలంటాం, తప్పితే నాలుగు వారాలంటాం. పోయేదేముంది, ఒక రిలీజు. ఇక్కడ నోరు జారితే పోయేది ఒక మనిషి ఏడాది. అందుకే నాకు తెలిసిన లెక్కలన్నీ ఆయన ముందు పెట్టాను.

ఒకటి, పచ్చి తొక్కలో పది వంతుల్లో తొమ్మిది వంతులు దాదాపు నీళ్ళే. పది కిలోలు ఎండితే చేతికొచ్చేది కిలో. రెండు, కాయలు ఒక్కసారి పక్వానికి రావు, విడతలు విడతలుగా చేత్తో తెంపాలి. తెంపాక ఒక్కో కాయ లోపలి గింజ గుండు తీసెయ్యాలి. ఇది కూలి మింగేసే పని. మూడు, మనం ఆకు కోసం పెంచే రకాలన్నిటికీ తొక్క కండగా రాదు, కొన్నిటికి పల్చగా ఉంటుంది. టీకి పనికొచ్చే రకం విత్తనం వేరు. పైగా ఆకు కోస్తూ పోతే కాయ తగ్గుతుంది, రెండూ కావాలంటే కుదరదు. నాలుగు, మిర్చి ఆరబెట్టినట్టు కళ్ళంలో ఆరబెడితే దుమ్ము పడుతుంది. ఇది కడగకుండా నేరుగా వేడినీళ్ళలో వేసుకునే సరుకు, దుమ్ముంటే కొనేవాడు తిప్పి పంపుతాడు. అయిదు, అన్నిటికంటే పెద్దది, కొనేవాడు ఎవరు? మిర్చికి ధర పడిపోయినా యార్డుంది, కాంటా ఉంది, తిట్టుకుంటూనైనా అమ్ముకుని ఇంటికి రావచ్చు. దీనికి అదీ లేదు.

ఆ ఆరు వేలు కూడా పుంటికాయ ధర కాదు. అందులో డబ్బా ఉంది, ఫ్లేవరు ఉంది, ల్యాబు పరీక్షలు, పన్ను, షాపు అద్దె, ఆ స్ట్రాబెర్రీ బొమ్మ గీసినవాడి జీతం ఉన్నాయి. సోర్స్ కోడ్ ఉచితంగా దొరుకుతుందని దాని మీద కట్టిన ప్రొడక్టు ఉచితంగా ఇమ్మనలేం కదా. కాబట్టి దోచుకుంటున్నారని గోల పెట్టడం న్యాయం కాదు. అలాగని ఆ ఆరు వేలలో రైతుకి అందే వాటా చూసి ఎకరం మిర్చి తీసెయ్యడం తెలివీ కాదు.

"కొనేటోడు చేతిల లేకుంటె ఎకరం వెట్టకు చిన్నాయినా. గట్టు మీదున్నది ఎండవెట్టి చూద్దాం" అన్నాను. మర్నాడు ఇద్దరం మూడు కిలోల తొక్క తీశాం. అందరం కలిసి కూర్చుంటే అరపూట పట్టింది, వేళ్ళన్నీ ఎర్రబడ్డాయి. సగం మేడ మీద తెల్ల బట్ట కప్పి ఆరబెట్టాం, సగం వాకిట్లో. వాకిట్లోది పొద్దున మంచుకి తడిసి రెండో రోజుకే బూజు పట్టింది. మేడ మీద కిలోన్నర ఎండి, తూచితే 140 గ్రాములు. చిన్నాయిన ఆ కాగితం పొట్లం అరచేతిలో పట్టుకుని బరువు చూస్తూ "గింతేనా" అన్నాడు. ఆయనకి ఇంకే లెక్కా చెప్పనక్కర్లేకపోయింది. ఈ ఏడు మాత్రం గట్టు మీద కండ రకం విత్తనం రెండు సాళ్ళు ఎక్కువ వేస్తానన్నాడు. అంతవరకూ మంచిదే.

ఇక గుండె గుర్తు సంగతి. ఇదే నన్ను ఎక్కువ భయపెట్టింది. బాపుకి బీపీ ఉంది, రోజూ ఒక గోలీ. డబ్బా మీద గుండె బొమ్మ చూపించి, "ఇది తాగితె గోలీ బందు వెట్టొచ్చట గదా, మొన్న ఫోన్ల వచ్చింది" అన్నాడు. మీ ఇళ్ళలో కూడా ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి.

అబద్ధమని కొట్టిపారెయ్యడం తేలిక. కానీ ఇది పూర్తి అబద్ధం కాదు, అందుకే ప్రమాదం. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన ఒక పరిశోధన 2010లో జర్నల్ ఆఫ్ న్యూట్రిషన్‌లో వచ్చింది. బీపీ కొంచెం ఎక్కువగా ఉండి, దానికి మందులు వాడని 65 మందిని తీసుకున్నారు. కొందరికి రోజుకి మూడు కప్పుల హైబిస్కస్ నీళ్ళు, మిగతావాళ్ళకి అదే రంగూ రుచీ ఉన్న ఉత్తుత్తి నీళ్ళు, ఆరు వారాల పాటు. పై అంకె మొదటివాళ్ళకి సగటున 7.2 తగ్గింది, రెండోవాళ్ళకి 1.3. అంటే ఏదో ఉన్నమాట నిజమే. కానీ ఎవరికి? కొద్దిగా మాత్రమే ఎక్కువున్నవాళ్ళకి. గోలీ బదులు తాగితే ఏమవుతుందని వాళ్ళు చూడనే లేదు. పైగా వాళ్ళు తాగింది అచ్చంగా హైబిస్కస్, రోజుకి మూడు కప్పులు. మన డబ్బాలో అది సగమే, తాగేది నాలుగు రోజులకో కప్పు.

ఇదంతా బాపుకి చెప్పాలంటే యార్డు భాషే మేలనిపించింది. "బాపూ, అరవై అయిదు మందిని మచ్చు చూసిన్రు. ఆ మచ్చు నీ బస్తాది గాదు" అన్నాను. ఆయన ఏమీ అనలేదు, కానీ ఆ రాత్రి గోలీ వేసుకున్నాడు. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు తనే అడిగాడట. ఎప్పుడైనా ఒక కప్పు తాగితే ఫరవాలేదు, గోలీ మాత్రం ఆపొద్దు, రోజూ తాగాలనుకుంటే తనకి చెప్పమన్నాడట, గోలీకి ఇది తోడై బీపీ మరీ దిగిపోతే కళ్ళు తిరుగుతాయని. డబ్బా మీద గుండె బొమ్మకి పట్టిన చోటు ఈ ఒక్క వాక్యానికీ పట్టేది. వెయ్యలేదు.

కాబట్టి మీకు నేను చెప్పేది ఇంతే. ఎర్ర నీళ్ళు తాగండి, హాయిగా తాగండి. కెఫీన్ లేదు, నైట్ షిఫ్టులో నిద్ర చెడకుండా తాగడానికి మంచిది. ఎసిడిటీ ఉన్నవాళ్ళు ఖాళీ కడుపున వద్దు, పులుపు పులుపే. మందులు వాడుతున్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా రోజువారీ అలవాటు చేసుకోవద్దు. అమ్మానాన్నలకి కొరియర్లో పంపేవాళ్ళు డబ్బాతో పాటు ఈ ముక్క కూడా ఫోన్లో చెప్పండి.

డబ్బా వద్దనుకునేవాళ్ళకి మా ఇంటి పద్ధతి: చలికాలంలో ఎర్ర పుంటికాయలు దొరికితే పది పన్నెండు తీసుకుని గింజ గుండు తీసెయ్యండి. ఎండువైతే రెండు చెంచాలు. పెద్ద గ్లాసుడు నీళ్ళు స్టీలు గిన్నెలో మరగనిచ్చి, దింపి, ఇవి వేసి మూత పెట్టండి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపుకి పనికిరాదు. చిన్న అల్లం ముక్క దంచి వెయ్యండి. గ్రీన్ టీలా ఎక్కువసేపుంటే చేదెక్కుతుందన్న బెంగ అక్కర్లేదు, పులుపు పెరుగుతుందంతే. ఆరేడు నిమిషాలు చాలు. బెల్లం వేస్తే రంగు మసకబారుతుంది, రుచి మాత్రం బాగుంటుంది. ఇంట్లో పిల్లలుంటే ఒక చెంచాడు పక్కకి తీసి చిటికెడు వంటసోడా వేసి చూపించండి, ఎరుపు పోయి నీలం, ఆకుపచ్చల మధ్య ఏదో రంగులోకి దిగుతుంది. అది తాగేందుకు కాదు, చూసేందుకు.

గులాబీ వాసన రాదు. స్ట్రాబెర్రీ అసలే రాదు. వచ్చేది పుంటికూర పులుపు, దాని సొంత పేరుతో. అమ్మ ఇప్పుడు దాన్ని 'పుంటికాయ నీళ్ళు' అంటోంది. ఆ పేరుతో అమ్మితే 50 గ్రాములకి 300 ఎవరూ ఇవ్వరని నాకూ తెలుసు. కానీ ఆ పేరుతో తాగితే గోలీ మానెయ్యాలని కూడా ఎవరికీ అనిపించదు.

మీ వైపు ఈ కాయని ఏమంటారు? పచ్చడి కాకుండా ఇంకేమైనా చేస్తారా?